సుత్తి దెబ్బ వినగలిగే చెవులు ఉండగానే

మొన్న డిసెంబరు రెండో ఆదివారం ఒక పెళ్లికని అనంతపురం నుంచి బయలుదేరాను. ముహూర్తానికి ఇంకా చాలా సమయం ఉండటంతో దారిలో ఒక రైల్వే ఆవరణ దగ్గర ఆగాను. అక్కడ దిమ్మె మీద నిలబెట్టిన మీటరుగేజి (పట్టాల మధ్య మీటరు ఎడం ఉండే పాత దారి) బొగ్గింజను ఒకటి ఉంది. ఆ దారిన ఎప్పుడు వెళ్లినా దాన్ని ఒకసారి చూసి, చెయ్యి వేసి వెళ్లడం నాకు అలవాటు. ఆ రోజు చెయ్యి వేయడానికి వీలులేకపోయింది. ఇద్దరు కుర్రవాళ్లు నిచ్చెన వేసుకుని దానికి నల్లరంగు పూస్తున్నారు. నీటిమట్టం చూపించే గాజు గొట్టం బిగించే ఇత్తడి చట్రానికీ, ఇంజెక్టరు కవాటానికీ, చమురు పోసే గిన్నెల మూతలకూ అదే నలుపు పూశారు. నునుపుగా మెరవాల్సిన పిస్టను రాడ్డుకు వెండిరంగు వేశారు. చక్రాల అంచులకు తెల్లగీత గీయడానికి మూడో డబ్బా సిద్ధంగా ఉంది.

ఆ కుర్రవాళ్ల తప్పేమీ లేదు. చదరపు మీటరుకు ఇంత అని వాళ్లకు కూలి. ఎంత ఎక్కువ చోట రంగు పడితే అంత పని అయినట్టు. వాళ్లలో ఒకడు నన్ను చూసి, "బాగుంది కదా సార్, కొత్తదాని మాదిరి అయింది" అన్నాడు. నిజంగానే సంతోషపడుతూ అన్నాడు. నేను తల ఊపి వచ్చేశాను. పెళ్లి భోజనం దగ్గర కూడా నా మనసు అక్కడే ఉంది. రెండేళ్ల కిందట ఇదే చలికాలంలో, ఇదే ఇంజను కుడివైపు రాడ్ల మీద పేరుకున్న రంగును మేము ఐదుగురం ఆరు ఆదివారాలు గీకి తీశాం. లోపలి ఇనుము బయటపడ్డాక గ్రీజు రాసి వదిలాం. ఇప్పుడు ఆ గ్రీజు మీదే రంగు పడింది. వచ్చే వేసవికి అది పొలుసులుగా లేస్తుంది, లేచిన పొలుసుల కింద వాననీళ్లు నిలుస్తాయి.

పాత రైలు యంత్రాన్ని కాపాడాలంటే దాని మీద మనుషులను పని చేయనివ్వాలని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను. గుత్తేదారు పూతతో అది బతకదు. ఇష్టంతో వచ్చేవాళ్లు, ఆ పని చేసి బతికినవాళ్లు కలిసి దాన్ని విప్పి, శుభ్రం చేసి, అర్థం చేసుకుంటేనే బతుకుతుంది. ఈ అభిప్రాయానికి నేను ఒక్కసారిగా రాలేదు. మధ్యలో దాని మీద నాకే అనుమానాలు వచ్చాయి, కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. వాటినీ కలిపి రాస్తున్నాను.

లీడ్స్‌లో ఒక జనవరి

మా నాయన గుంతకల్లు లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా, అంటే ఇంజను నిప్పులో బొగ్గు వేసేవాడిగా చేరి డ్రైవరుగా పదవీ విరమణ చేశాడు. ఆయన ముంజేతుల మీద చిన్న చిన్న తెల్లమచ్చలు ఉండేవి, నిప్పురవ్వలు పడిన చోట్లు. ఇంట్లో ఎవరమూ వాటి గురించి అడిగేవాళ్లం కాదు. వంటింట్లో అమ్మ చేతికి ఉన్న మచ్చల లాంటివే అనుకునేవాళ్లం. రైలు మీద నా ఇష్టం ఆ ఇంట్లో పుట్టిందే అయినా నేను బ్యాంకు ఉద్యోగంలో చేరాను, పానా పట్టింది లేదు.

మూడేళ్ల కిందట మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్లి జనవరి నెలంతా లీడ్స్‌లో ఉన్నాను. పొద్దున ఎనిమిది దాటితే గాని తెల్లవారదు, నాలుగయ్యేసరికి చీకటి పడుతుంది. పొద్దుపోక ఒక రోజు హన్‌స్లెట్ అనే పేటలో ఉన్న మిడిల్టన్ రైల్వేకు వెళ్లాను. 1758లో పార్లమెంటు చట్టంతో అనుమతి పొందిన దారి అది. 1812లోనే అక్కడ బొగ్గు లాగడానికి ఆవిరి ఇంజను తిరిగింది. మూతపడబోతున్న దశలో, 1960 జూన్‌లో లీడ్స్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడొకరు, కొందరు విద్యార్థులు కలిసి దాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. అప్పటి నుంచి స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే నడుపుతున్నారు. అంతకు ముందే 1951లో వేల్స్‌లోని టాలిలిన్ అనే చిన్న రైలు దారిని ఇలాగే ప్రజలు నిలబెట్టుకున్నారు. ప్రపంచంలో ఈ ఒరవడి అక్కడే మొదలైంది.

చలికాలం కావడంతో నేను వెళ్లిన రోజు బండ్లు తిరగడం లేదు. అక్కడ ఈ కాలం మరమ్మతుల కాలం. ప్రయాణికులు ఉండరు కాబట్టి ఇంజన్లను విప్పుతారు. నీళ్లు గడ్డకట్టినప్పుడు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి కనుక బాయిలర్లలో, గొట్టాల్లో చుక్క నీరు మిగలకుండా ముందే దించేస్తారు. ఒక్క రాత్రి ఏమరితే గొట్టం నిలువునా చీలుతుంది. షెడ్డులో నలుగురైదుగురు పెద్దవాళ్లు, ఒక పదిహేడేళ్ల అమ్మాయి పని చేస్తున్నారు. వాళ్లు మాట్లాడుతుంటే నోటి వెంట ఆవిరి వస్తోంది. ఇనుమును ఒట్టి చేత్తో ముట్టుకుంటే చర్మం అంటుకుపోయేట్టుంది. ఒకాయన తన దగ్గర అదనంగా ఉన్న చేతి తొడుగులు నాకిచ్చాడు. ఆయన పదవీ విరమణ చేసిన బడి పంతులు. ముప్ఫై ఏళ్లుగా ప్రతి శనివారం వస్తున్నాడట.

నాకు ఇప్పటికీ కళ్ల ముందు మెదిలేది ఆ అమ్మాయి పని. ఇంజను నిప్పుగది తలుపులోంచి లోపలికి దూరి, టార్చి వెలుగులో, చిన్న సుత్తితో లోపలి గోడ మీద ఒక్కొక్క బోల్టునూ తడుతోంది. పంతులు బయట నిలబడి వింటున్నాడు. నిప్పుగది గోడకూ, దాని చుట్టూ ఉండే బయటి రేకుకూ మధ్య నీళ్లుంటాయి. ఆ రెండు గోడలనూ ఒత్తిడికి విడిపోకుండా పట్టి ఉంచేవి స్టే బోల్టులు, ఒక్కో బాయిలరులో వందల కొద్దీ ఉంటాయి. వాటిలో విరిగినదేదో పైకి కనబడదు. గట్టిది తడితే ఖంగుమంటుంది, విరిగినది పగిలిన కుండను తట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. పంతులు మధ్యలో చెయ్యి ఎత్తి ఆపేవాడు, ఆ అమ్మాయి మళ్లీ తట్టేది, ఆ బోల్టు మీద సుద్దతో గుర్తు పెట్టేది.

టీ తాగేటప్పుడు నేను ఎక్కడివాణ్ణో తెలుసుకుని ఆయన అడిగిన ప్రశ్న ఒకటే. "మీ దగ్గర ఈ పని తెలిసినవాళ్లు ఇంకా మిగిలి ఉన్నారా?" ఆయన చిన్నప్పటికే అక్కడ ఆవిరి ఇంజన్ల కాలం ముగియవచ్చిందట. తనకు నేర్పినవాళ్లంతా పోయారని చెప్పాడు. మా దగ్గర 1990ల దాకా ఈ ఇంజన్లు నడిచాయి కాబట్టి వాటిని బాగుచేసినవాళ్లు మా ఊళ్లోనే పదుల మంది ఉన్నారని గొప్పగా చెప్పాను. "అయితే మీరు అదృష్టవంతులు, వాళ్లు ఎక్కడ పని చేస్తున్నారు?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. వాళ్లు ఇంటి అరుగుల మీద కూర్చుని ఉన్నారు. మసీదు దగ్గర, రామాలయం దగ్గర, పింఛను వచ్చే రోజు బ్యాంకులో కనిపిస్తారు. వాళ్లను ఎవరూ ఏమీ అడగరు.

ఆరు ఆదివారాలు

తిరిగి వచ్చాక నేనూ, మరో నలుగురమూ కలిసి, ఒక అధికారి నోటిమాటగా ఇచ్చిన అనుమతితో ఆ ఇంజను దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాం. మాలో ఒకరు జూనియర్ కాలేజీ అధ్యాపకుడు, ఒకరు మోటారు మెకానిక్, ఇద్దరు ఐటీఐలో ఫిట్టరు ట్రేడు చదువుతున్న కుర్రవాళ్లు. ఆ ఇంజను వైజీ తరగతిది. సరుకు బండ్ల కోసం ఇలాంటివి 1,074 తయారయ్యాయి. ప్రయాణికుల బండ్లకు వాడిన వైపీ తరగతివి 871. రెండింటిలోనూ చాలా ఇంజన్లు జంషెడ్‌పూర్‌లోని టెల్కో కార్ఖానాలో తయారయ్యాయి. దేశంలో మామూలు మీటరుగేజి దారులకు ఆవిరి ఇంజన్ల తయారీ 1972లో ఆగిపోయింది. 1992లో ఒకే గేజి పథకం మొదలయ్యాక మా వైపు దారులూ ఒక్కొక్కటే పెద్దగేజిగా మారాయి. నల్లమలలో అయితే దొరబావి వంతెన మీదుగా పోయే పాత దారిని పూర్తిగా వదిలేసి వేరే మార్గం వేశారు. ఇంజన్లు తుక్కు వేలానికి పోయాయి. ఇలా దిమ్మె ఎక్కినవి బతికినట్టు లెక్క.

మాకు చలికాలం వేరే కారణంతో పనికొచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో పదిగంటలు దాటితే మా ఎండకు ఆ ఇనుము మీద చెయ్యి పెట్టలేం. మార్గశిరం నుంచి శివరాత్రి దాకానే పగలంతా పని సాగుతుంది. అయితే తెల్లవారుజామున మంచు పడి రేకంతా చెమ్మగా ఉంటుంది, ఎండ తగిలి ఆరేదాకా ప్రైమరు (రంగుకు ముందు వేసే తొలిపూత) ముట్టుకోకూడదు. ఇది మాకు చెప్పింది మామ. ఆయన నాకు చుట్టం కాడు, మా నాయన పనిచేసిన షెడ్డులోనే బాయిలరు ఫిట్టరు. చిన్నప్పటి నుంచి మామా అనే పిలుస్తాను.

ఆయన్ని రమ్మని అడగడానికి వెళ్లిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. నేను లీడ్స్ సంగతంతా చెప్పాను, అక్కడ అందరూ డబ్బు తీసుకోకుండా పని చేస్తారని మురిసిపోతూ చెప్పాను. ఆయన అంతా విని, "ముప్పై ఎనిమిదేండ్లు ఆ మసి తిన్నాం అల్లుడూ. పింఛను వచ్చినాక కూడా తినమంటావా?" అన్నాడు. లోపలి నుంచి అత్త, "కూలి ఎంతిస్తారంట?" అని అడిగింది. నేను సిగ్గుపడ్డాను. ఇంటికి వచ్చి ఆలోచించిన కొద్దీ ఆమె ప్రశ్న న్యాయమైనదే అనిపించింది. లీడ్స్ పంతులు వారమంతా నల్లబల్ల దగ్గర గడిపి, శనివారం ఇష్టానికి చేతులు మురికి చేసుకున్నవాడు. మామకు ఆ మురికి జీతం. మే నెల ఎండలో, నిప్పు ఇంకా పూర్తిగా చల్లారని గదిలోకి తడిగోనె కప్పుకుని దూరి ట్యూబులు బిగించినవాడు ఆయన. అతన్ని ఆ పని ఊరికే చేయమనడం సేవ అనిపించుకోదు.

అందుకని మేము తలా కొంత వేసుకుని ఆయనకు రోజుకు 800 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించాం. మాలో ఇద్దరికి ఇది నచ్చలేదు. డబ్బు తీసుకుంటే అది అభిమానంతో చేసే పని ఎలా అవుతుందని అధ్యాపకుడు గట్టిగా వాదించాడు. సంగీతం నేర్పే గురువుకు దక్షిణ ఇస్తాం కదా, అప్పుడు ఆయన సంగీతాభిమానం తగ్గుతుందా అని నేను అడిగాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు గాని రావడం మానలేదు. నేర్చుకోవడానికి వచ్చేవాడు ఊరికే రావాలి, నేర్పేవాడికి కూలి కట్టాలి అన్నది అప్పటి నుంచి నా గట్టి అభిప్రాయం. మన దగ్గర ఇలాంటి పని మొదలైతే అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోకూడదని అంటున్నది ఇందుకే.

మొదటి ఆదివారం మామ ఇంజను చుట్టూ ఒకసారి తిరిగాడు. కుడివైపు పెద్ద రాడ్డు దగ్గర ఆగి, కాటన్ వేస్టుతో తుడిచి, గీకమన్నాడు. రంగు పోయాక ఇనుములో పోటు పెట్టి కొట్టిన అంకెలు కనిపించాయి. అవి ఈ ఇంజను నంబరువి కావు. ఎడమవైపు చూస్తే అక్కడ ఇంకొక నంబరు ఉంది. మేము నిరుత్సాహపడ్డాం, ఇది అసలైన ఇంజనే కాదేమో అనుకున్నాం. మామ మాత్రం సంబరపడ్డాడు. "ఒకదాని చెయ్యి తీసి ఇంగోదానికి పెట్టకపోతే పొద్దున బండి యాడ పోతాది? ఇది ఒక్క బండి కాదప్పా, షెడ్డు మొత్తం ఉండాది దీంట్లో" అన్నాడు. ఆ మాట విన్నాక ఆ ఇంజను నా కంటికి వేరేగా కనిపించింది. దాని పక్కన పలక మీద రాసిన తయారీ సంవత్సరం, బరువు చదివినంత మాత్రాన ఈ సంగతి తెలియదు. రంగు గీకితేనే తెలిసింది, అదీ గీకిన చోటును చదవగలిగినవాడు పక్కన ఉన్నాడు కాబట్టి.

మూడో ఆదివారం ఐటీఐ కుర్రవాళ్లలో సన్నగా ఉన్నవాడు నిప్పుగదిలోకి దూరాడు. మామ మోకాళ్లు వంగవు కాబట్టి డ్రైవరు నిలబడే ఫుట్‌ప్లేట్ మీద స్టూలు వేసుకుని తలుపు పక్కన కూర్చున్నాడు. కుర్రవాడు తడుతున్నాడు, ఈయన కళ్లు మూసుకుని వింటున్నాడు. "ఇంగోసారి కొట్టు... దాని పక్కది... ఆఁ, అది పోయింది. గుర్తు పెట్టు." లీడ్స్‌లో చూసిన దృశ్యమే అది, భాష ఒక్కటే మారింది. ఒక ప్లగ్గు విప్పితే లోపల వేలి మందాన తెల్లటి సున్నపు పొర కనిపించింది. మామ దాన్ని గోటితో గీరి, ఇది మనవైపు నీళ్లదేనన్నాడు. ఇక్కడి బావుల ఉప్పునీళ్లకు బాయిలరు త్వరగా సున్నం పడుతుందట, వాష్‌అవుట్, అంటే బాయిలరు లోపల కడగడం, ఆలస్యమైతే ఇంజను ఎంత బొగ్గు తిన్నా ఆవిరి కట్టదట. నీళ్లు తగ్గి, నిప్పుగది పైకప్పులో రక్షణకు పెట్టే సీసపు బిరడా, లెడ్‌ప్లగ్గు, కరిగితే ఫైర్‌మన్‌కు పడే శిక్ష గురించి మా నాయన ఇంట్లో ఎందుకు అంత భయంగా మాట్లాడేవాడో నాకు ఆ రోజు అర్థమైంది.

నేను చేసిన తప్పు, నన్ను ఆపిన కారణం

రెండో ఆదివారం సంగతి దాటవేయకూడదు. క్యాబు (డ్రైవరు ఉండే గది) పక్క రేకు మీద రంగు త్వరగా పోవాలని నేను గ్రైండరు పట్టాను. నలుపు కింద ఎర్ర ఆక్సైడు, దాని కింద మళ్లీ నలుపు. అలా నాలుగైదు పొరలు పోయాక పసుపు రంగు ఒకటి మెరిసి మాయమైంది. యంత్రం ఆపి చూస్తే, చేత్తో రాసిన మూడు పసుపు ఆంగ్ల అక్షరాలలో రెండే మిగిలాయి. అవి గుంతకల్లు షెడ్డు గుర్తు, జీటీఎల్. మొదటి అక్షరం నా చేతుల్లో పొడి అయిపోయింది. మామ చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, ఆ అక్షరాలు రాసిన పెయింటరు స్కేలు పెట్టేవాడు కాదని, మోచెయ్యి ఆనించకుండా ఒక్క ఊపున గీసేవాడని చెప్పాడు. ఆయన చేతిరాత ఇంకెక్కడైనా మిగిలి ఉందో లేదో. ఉన్న ఒక్కచోట నేనే చెరిపాను.

కాబట్టి స్వచ్ఛందంగా వచ్చేవాళ్లంతా మేలే చేస్తారని నేను అనలేను. అభిమానం ఉన్నవాడికి తొందర కూడా ఉంటుంది. గుత్తేదారు పూత కింద ఆ అక్షరాలు కనీసం భద్రంగా ఉన్నాయి కదా అని ఎవరైనా అంటే నేను తల వంచుకోవలసిందే. అప్పటి నుంచి గీకే ముందు ఫోటో తీయడం, గ్రైండరు ముట్టుకోకుండా చేతి గీకుడు పలకతో ఒక మూల చిన్న కిటికీ లాగా తెరిచి చూడటం నియమంగా పెట్టుకున్నాం. ఇవి లీడ్స్‌లో మొదటి రోజే నేర్పే సంగతులు. నేను చూడటానికి వెళ్లి అడగాల్సినవి అడగకుండా వచ్చాను.

ఆరో ఆదివారం తర్వాత అధికారి మారాడు. కొత్తాయన మమ్మల్ని పిలిపించి, బయటివాళ్లు ఇంజను ఎక్కడానికి వీల్లేదని చెప్పాడు. ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. కాని ఆయన అడిగిన ఒక ప్రశ్న నన్ను తర్వాత నిద్రపోనివ్వలేదు. బాయిలరు మీద రేకు తొడుగు కింద ఏముందో మీకు తెలుసా అని అడిగాడు. వేడి బయటికి పోకుండా ఆ కాలంలో బాయిలర్ల చుట్టూ ఆస్‌బెస్టాస్ చుట్టేవారు. దాని పొడి ఊపిరితిత్తుల్లోకి వెళితే ఏళ్ల తర్వాత ప్రాణం తీస్తుంది. మేము ఆ తొడుగు విప్పలేదు గాని ఒకచోట అది చిరిగి ఉంది, దాని పక్కనే కూర్చుని కుర్రవాళ్లు ఉగ్గాని తిన్నారు. మామకూ, మా నాయనకూ ఆ సంగతి వాళ్ల ఉద్యోగ జీవితంలో ఎవరూ చెప్పలేదు. మమ్మల్ని ఆపిన మనిషి ఆ విషయంలో సరైనవాడు.

నా అభ్యంతరం ఆ తర్వాత జరిగిన దాని మీద. ప్రమాదం ఉందని ఆపినప్పుడు, ఆ ప్రమాదాన్ని తొలగించి మళ్లీ రమ్మనడం తరువాతి మెట్టు కావాలి. బ్రిటన్‌లో ఇలాంటి దారులు కూడా అక్కడి రైలు భద్రతా నియంత్రణ సంస్థ కిందికే వస్తాయి. స్వచ్ఛందంగా వచ్చినవాడైనా శిక్షణ పొంది, పరీక్ష నెగ్గితేనే నిప్పు వేయగలడు. వాళ్లు భద్రతను సాకుగా చూపి తలుపు మూసుకోలేదు, తలుపు దగ్గర నియమాలు పెట్టుకున్నారు. మా దగ్గర రెండేళ్లు ఏమీ జరగలేదు, ఆ తర్వాత రంగు డబ్బాలు వచ్చాయి. ఆ రంగు వేసిన కుర్రవాళ్లకు ముఖానికి గుడ్డ కూడా లేదు. చిరిగిన తొడుగు మీద కూడా రంగు పూశారు. బయటివాళ్లకు ప్రమాదమైనది కూలివాళ్లకు కాకుండా పోయిందా?

కరువు జిల్లాలో ఇనుము మీద ప్రేమ

మా తమ్ముడు శనగ చేను ఎండిపోయిన ఏడు నాతో ఒక మాట అన్నాడు. తాగునీటికి ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లున్న జిల్లాలో తుప్పుపట్టిన ఇంజనుకు నెలకు మూడు వేలు పెట్టడం నీకు ఎట్లా మనసొప్పిందన్నాడు. ఇది తేలికగా తీసిపారేసే మాట కాదు. నేను చాలాకాలం జవాబు వెతుక్కున్నాను.

ఇప్పుడు నాకు తోచేది ఇది. ఈ ప్రాంతానికి రైలు వచ్చిందే కరువు వల్ల. 1876–78 నాటి ధాత కరువులో లక్షల మంది చచ్చిపోయాక, మళ్లీ కరువు వస్తే ధాన్యం చేరవేయడానికి వేయాలని తలపెట్టిన దారుల్లో బళ్లారి నుంచి గుంతకల్లు, నంద్యాల మీదుగా కృష్ణ దాకా పోయే మీటరుగేజి దారి ఒకటి. ఆ తర్వాత వంద సంవత్సరాలు, వానలు లేని ఏడాది మా వాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని వలస పోయింది ఆ బండ్లలోనే. అది దొరలు తమ లాభానికి వేసుకున్న దారి అని నా మిత్రుడొకరు అంటాడు, నిజమే. కాని దాన్ని నడిపినది మా నాయన లాంటివాళ్లు, బాగుచేసినది మామ లాంటివాళ్లు. ఈ ఇంజను స్వతంత్రం వచ్చాక మన కార్మికులు తయారుచేసినది. రాజుల కోటలకు పురావస్తు శాఖ ఉంది. కూలి చేసి బతికినవాళ్ల చరిత్రకు మా వైపు మిగిలిన పెద్ద ఆధారాల్లో ఈ ఇనుము ఒకటి, అందులో రాడ్డు మీది అంకెలు, గోడ మీది అక్షరాలు, గొట్టంలోని సున్నం కూడా లెక్కే. ఈ జవాబుతో మా తమ్ముడు ఒప్పుకున్నాడని చెప్పను. డబ్బు విషయంలో అతని మాటకు ఇప్పటికీ బరువుంది. అందుకే ఇంజనును మళ్లీ నడిపించాలని నేను అడగడం లేదు.

నడిపించడం అసాధ్యమని కాదు. 1855లో ఆ లీడ్స్ ఊళ్లోనే తయారైన ఫెయిరీ క్వీన్ అనే ఇంజనును పెరంబూరు లోకో వర్క్స్ వాళ్లు బాగుచేశాక 1997లో ఢిల్లీ నుంచి అల్వారుకు మళ్లీ బండి లాగింది. అదే పెరంబూరులో మరో 1855 నాటి ఇంజను, ఈఐఆర్ 21, నూరేళ్లకు పైగా ప్రదర్శనకే పరిమితమై ఉండి 2010లో కదిలింది. నీలగిరి బండి కోసం తిరుచ్చిలోని గోల్డెన్ రాక్ వర్క్‌షాపు ఆవిరి ఇంజన్లనే కొత్తగా తయారుచేసింది. మన కార్మికులకు చేతకాదని ఎవరూ అనలేరు. అయితే ఆ పనులకు వర్క్‌షాపు, క్రేను, లక్షల ఖర్చు కావాలి. పైగా మా వైపు ఆ ఇంజను నడవడానికి మీటరుగేజి పట్టా ఒక్క గజమైనా మిగలలేదు.

నేను అడిగేది చాలా చిన్నది. ముందు ఆ ఆస్‌బెస్టాస్‌ను తెలిసినవాళ్లతో తీయించాలి. ఇంజను మీద ఒక రేకుల కప్పు వేయాలి. మా ఎండకూ అప్పుడప్పుడు కుండపోతగా పడే వానకూ పది పూతల కంటే ఒక కప్పు మేలు. రాడ్లకు, పిస్టనుకు రంగు వేయకుండా గ్రీజు రాయాలి. ఏడాదిలో చల్లగా ఉండే మూడు నెలలు, ఆదివారాల్లో, రాతపూర్వకమైన అనుమతితో, పదిమందికి లోపల పని చేసే అవకాశం ఇవ్వాలి. వాళ్లలో సగం మంది ఐటీఐ పిల్లలై ఉండాలి. మామ లాంటివాళ్లు ఇద్దరు ముగ్గురికి రోజు కూలి కట్టి పక్కన కూర్చోబెట్టాలి. రంగు పనికి పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్లించినా ఆ కూలికి సరిపోతుంది.

బ్రిటన్‌లో బారీ అనే ఊరి తుక్కు వ్యాపారి దగ్గర కోతకు వచ్చిన ఇంజన్లలో 213ను అభిమాన సంఘాలు చందాలు పోగుచేసి కొనుక్కుపోయాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. వాళ్లకు దొరికినది ఇనుము, పని తెలిసినవాళ్లను వెతుక్కోవలసి వచ్చింది. మా సంగతి తలకిందులు. ఇనుము ఒకటో రెండో మిగిలింది, పని తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. అయితే మామకు ఇప్పుడు డెబ్బై తొమ్మిది. ఆయనతో పాటు బాయిలరు పని చేసిన ఇద్దరు ఈ రెండేళ్లలోనే పోయారు. మామకు కుడిచెవి సరిగా వినబడటం లేదు, బాయిలర్ల మధ్య బతికినవాళ్లకు వచ్చేదే అది. ఫోనులో రికార్డు చేసిన సుత్తి శబ్దం వినిపిస్తే, ఇందులో ఏమీ తెలియదప్పా, పక్కన ఉండి వినాల్సిందే అన్నాడు.

పెళ్లి నుంచి వస్తూ ఆయన దగ్గరికి వెళ్లి, రంగు వేసిన సంగతి చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. "రంగే కదా, గీకితే పోతాది" అని, ఆ కుర్రోడు ఉద్యోగంలో చేరినాడా అని అడిగాడు. నిప్పుగదిలోకి దూరినవాడి సంగతి అది. చేరాడు, శ్రీ సిటీలో ఏదో కంపెనీలో. రెండోవాడు ఇక్కడే ఉన్నాడు, వాడు కొంచెం లావు.

సోమవారం కొత్త అర్జీ రాసి ఇచ్చాను, ఈసారి ఆస్‌బెస్టాస్ మాట మొదటి వాక్యంలోనే పెట్టాను. సంక్రాంతి దాకా నాలుగు ఆదివారాలు ఉన్నాయి, శివరాత్రి దాకా లెక్కపెట్టుకుంటే ఇంకొన్ని. నిన్న మామ వాళ్ల మనవడు ఫోను చేశాడు. తాత తన పాత సుత్తికి కొత్త పిడి వేయించమని వడ్రంగి దగ్గరికి పంపాడట, ఏ కట్టె అయితే బాగుంటుందో అడగమన్నాడట. తుమ్మ అని చెప్పాను.